68 ఏళ్ల అమ్మకు పేర్లు గుర్తు రావడం లేదు, ఇది వయసు మరుపేనా?

అమ్మకు బీపీ తప్ప వేరే జబ్బేమీ లేదు. ఈ మధ్య తెలిసినవాళ్ల పేర్లు చటుక్కున నోటికి రావు, కాసేపటికి తనే చెప్తుంది. నిన్న ఎవరొచ్చారంటే తడుముకుంటుంది. చిన్నప్పటి పద్యాలు మాత్రం పొల్లు పోకుండా చదువుతుంది. వంటా, డబ్బు లెక్కలూ సరిగ్గానే చూసుకుంటోంది. అయినా నాకు టెన్షన్‌గా ఉంది.

నేను చదివినంతలో, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ వయసుతో మెదడులో కొత్త జ్ఞాపకాలు ఏర్పడేందుకు తోడ్పడే హిప్పోకాంపస్ అనే భాగం కాస్త కుంచించుకుపోతుంది. మనసు ఊరికే ఉన్నప్పుడు చురుగ్గా ఉండే మెదడు భాగాల సముదాయమైన డీఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్‌లోని భాగాల మధ్య అనుసంధానం సడలుతుంది. వేర్వేరు పనులు చూసే నెట్‌వర్కుల మధ్య తేడా కూడా తగ్గుతుంది. సంఘటనల జ్ఞాపకం ముందు బలహీనపడుతుంది, పదసంపద చాలాకాలం నిలుస్తుంది. అమ్మ విషయం దీనికి సరిపోతున్నట్టే ఉంది. కానీ ఎక్కడ హద్దు దాటినట్టు లెక్క?

ఇంకొకటి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట. అమ్మకు తెలుగొక్కటే వచ్చు. ఇప్పుడు హిందీ నేర్పిస్తే లాభం ఉంటుందా, లేక చిన్నప్పటి నుంచీ మాట్లాడినవాళ్లకేనా? నాకైతే ముందు రోజూ నడిపించడమే మేలనిపిస్తోంది.

అమ్మ ఐదో తరగతి వరకే చదివింది. పెద్దగా చదువుకోనివాళ్లకు తగ్గట్టు తెలుగులో జ్ఞాపకశక్తి పరీక్ష చేసేవాళ్లు ఎక్కడున్నారు? ముందే ఎంఆర్ఐ తీయించాలా, ఆ పరీక్ష అయ్యాక చూడొచ్చా? న్యూరాలజీ తెలిసినవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లకు ఇలా చూపించినవాళ్లు దయచేసి చెప్పండి.