దగ్గరోళ్ళకి ఎంతిస్తారో, దూరపోళ్ళకి ఎంతిస్తారో ఎట్టా అడగాలి?
మాది కందుకూరు పక్కన, ఎమ్మే సైకాలజీ ప్రాజెక్టుకి సోషల్ డిస్కౌంటింగ్ (అంటే మనిషి మనకి దూరమయ్యేకొద్దీ వాళ్ళ కోసం వదులుకునేది తగ్గటం) తీసుకున్నా. 2006లో జోన్స్, రాక్లిన్ అనేవాళ్ళు బాగా దగ్గరి మనిషికి 1, ఊరికే మొహం తెలిసినోళ్ళకి 100 అనుకోమని, ఆ మనిషికి 75 డాలర్లు దక్కాలంటే నీది ఎంత వదులుకుంటావని అడిగారు, దూరం పెరిగేకొద్దీ వదులుకునేది తగ్గిపోయింది. ఇంతవరకు బానే ఉంది. మా ఊళ్ళో ఇదే అడిగితే మా పెద్దమ్మ లోపలికెళ్ళి చదివింపుల పుస్తకం తెచ్చింది, వాళ్ళు మనకి 516 పెట్టారు కాబట్టి మనం 1116 పెట్టాల అంటా ఉంది, ఇది ఇవ్వటమా బాకీ తీర్చటమా! పైగా పక్కింట్లో వేరే కులమోళ్ళుంటే వాళ్ళకి పెద్ద నంబరు, బెంగుళూరు మేనమామకేమో 3. తిరిగొస్తదనే లెక్క పోవాలంటే ప్రశ్న ఎట్టా రాయాల? ఎవరిచ్చారో అవతలోళ్ళకి తెలీదని ముందే చెప్తే సరిపోద్దా? ఇట్టాంటి సర్వే చేసినోళ్ళుంటే కాస్త చెప్పండబ్బా.