మసాయి మారా వెళ్తున్నాం: ఎల్లో ఫీవర్ టీకా, మలేరియా మాత్రల గురించి చెప్పగలరా?

ప్రశ్న: జూలైలో అమ్మానాన్నలతో హైదరాబాద్ నుంచి కెన్యా వెళ్తున్నాం. మసాయి మారా అభయారణ్యం, తర్వాత నైవాషా సరస్సు. నాన్నగారికి 66 ఏళ్లు, షుగర్‌కి ఇన్సులిన్ తీసుకుంటారు. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరా? మలేరియా మాత్రలంటే ఆయన ఒప్పుకోవడం లేదు. "పుట్టినప్పటి నుంచీ దోమల మధ్యే బతుకుతున్నాం, నాకేం కాదు" అంటారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు: నేను నైరోబీలోనే ఉంటానండి. ముందు టీకా సంగతి. ఇండియా నుంచి నేరుగా వస్తే కెన్యాలో అడగకపోవచ్చు, కానీ తిరిగి వెళ్లాక మన ఎయిర్‌పోర్టులో అడుగుతారు. సర్టిఫికెట్ లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసుకున్న 10 రోజులకు గానీ అది చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. 60 దాటినవాళ్లకు ఈ టీకాతో తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చే అవకాశం కాస్త ఎక్కువ. అందుకని నాన్నగారిని టికెట్లు కొనకముందే డాక్టరుకు చూపించండి. టీకా వద్దని డాక్టరు లెటర్ ఇచ్చినా క్వారంటైన్ తప్పకపోవచ్చు, అదీ ముందే కనుక్కోండి.

ఇక మలేరియా. నాన్నగారికి ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి: ఇక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపరం అనే ప్రమాదకరమైన మలేరియా రకం. వైద్యం ఆలస్యమైతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. మన దోమలు కుట్టినంత మాత్రాన దీన్ని తట్టుకునే శక్తి రాదు. క్లోరోక్విన్ అనే పాత మలేరియా మాత్ర ఇక్కడ పనిచేయదు, ఇంట్లో పాత స్ట్రిప్ ఉంటే దాన్ని నమ్ముకోకండి. డాక్టర్లు సాధారణంగా అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ గానీ డాక్సీసైక్లిన్ గానీ రాస్తారు. రెండూ బయల్దేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి రోజూ వేసుకోవాలి. మొదటిది తిరిగొచ్చాక ఇంకో 7 రోజులు, రెండోది 4 వారాలు కొనసాగించాలి. ఇల్లు చేరాక ఇంకెందుకని చాలామంది మధ్యలోనే మానేస్తారు. దయచేసి అలా చేయకండి. కిడ్నీలు బాగా దెబ్బతింటే మొదటిది పనికిరాదు, కాబట్టి కిడ్నీల పనితీరు తెలిపే నాన్నగారి క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి.

మాత్రలు వేసుకుంటున్నా దోమ కుట్టకుండా చూసుకోవాలి. మలేరియా దోమ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారే దాకా కుడుతుంది. సాయంత్రం క్యాంపులో మంట చుట్టూ కూర్చునేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, సాక్సులు వేసుకోండి. దోమల్ని దూరంగా ఉంచే డీట్ (DEET) అనే మందు ఉన్న క్రీమ్ రాయండి, సన్‌స్క్రీన్ కూడా వాడితే ముందు అది, దాని మీద డీట్. పడుకునేటప్పుడు దోమతెర అంచుల్ని పరుపు కిందికి దోపండి.

మరొకరు: ఇన్సులిన్ చేతి బ్యాగులోనే పెట్టుకోండి మేడం, కార్గోలో గడ్డకడితే పనికిరాదు. ప్రిస్క్రిప్షన్ కూడా దగ్గరే ఉండాలి. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, మందులు గుడ్డ సంచిలో సర్దండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు కలిసి ఉందో లేదో చూడండి. మారా నుంచి నైరోబీకి రోడ్డు మీద గంటల ప్రయాణం.

ప్రశ్న: చాలా థాంక్స్ అండీ. నైవాషాలో పిల్లలు నీళ్లలో దిగొచ్చా?

జవాబు: పడవలో తిప్పండి, నీళ్లలో మాత్రం దింపొద్దు. హిప్పోలుంటాయి. ఇక్కడి మంచినీటి చెరువుల్లో చర్మంలోంచి ఒంట్లోకి దూరే బిల్హార్జియా పరాన్నజీవి భయం కూడా ఉంది. తిరిగొచ్చిన మూడు నెలల్లో ఎవరికి జ్వరమొచ్చినా వైరల్ అనుకుని పారాసిటమాల్‌తో సరిపెట్టకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆఫ్రికా వెళ్లొచ్చామని చెప్పి, మలేరియా రక్తపరీక్ష అడగండి.