నల్గొండలో ఉండేవాళ్లకు ఇప్పుడు డీజిల్ కారు పనికొస్తుందా? జీఎస్టీ తగ్గింది కదా

బత్తాయితోట:
అందరికీ నమస్తే. నల్గొండలోనే టీచర్‌ని, స్కూలు ఇంటికి నాలుగు కిలోమీటర్లు. నెలకోసారి హైదరాబాద్, రెండుసార్లు దేవరకొండ అత్తగారిల్లు, అన్నీ కలిపితే నెలకు 700, 800 కిలోమీటర్లకు మించి తిరగను. చిన్న ఎస్‌యూవీ చూస్తున్నాను, ఒకే మోడల్‌లో పెట్రోల్‌కు, డీజిల్‌కు ఆన్‌రోడ్ తేడా లక్షా ముప్పై వేలు చెప్పారు. నాన్నేమో ముప్పై ఏళ్లు ట్రాక్టర్ నడిపిన మనిషి, ఇంజనంటే డీజిలే అంటాడు. స్కూల్లో సార్లేమో పదేళ్లు కాగానే తుక్కు కింద పోతుంది, గవర్నమెంటు ఎప్పుడు ఏ టాక్స్ వేస్తదో తెల్వదు, వద్దంటున్నారు. వాడేవాళ్లు చెప్పండి.

టీజీ06:
అన్నా, టాక్స్ సంగతి నన్నడుగు, నా కడుపుమంట అదే. 2025 వినాయక చవితికి బండి ఇంటికి తెచ్చిన. పంద్రాగస్టు రోజే జీఎస్టీ తగ్గిస్తామని చెప్పినా ఎప్పుడో దీపావళికి కదా అనుకున్న. ఎంగిలిపూల బతుకమ్మ తెల్లారే, సెప్టెంబర్ 22 నుంచి తగ్గించేసిన్రు. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు డీజిల్ అయితే ముందు 28 ప్లస్ సెస్సు 3, మొత్తం 31 శాతం ఉండె, ఇప్పుడు 18. ఒక్క నెల ఆగి ఉంటే ఇంట్లో ఇంకో బైకు వచ్చేది. ఇప్పటికీ మా ఆవిడ దగ్గర ఆ మాట ఎత్తను.

కానీ చూడు, చిన్న పెట్రోల్ బండ్లు (1200 సీసీ లోపు) కూడా 29 నుంచి 18కే వచ్చినయి. అంటే డీజిల్‌కు రెండు శాతం ఎక్కువ కలిసొచ్చింది, అంతే. టాక్స్ తగ్గిందని డీజిల్ కొనుడు అంటే లెక్క తప్పినట్టే. నాలుగు మీటర్లు దాటిన బండి అయితే పెట్రోలైనా, డీజిలైనా 40 శాతమే.

జడ్చర్ల_జంక్షన్:
నేను మందుల కంపెనీలో ఏరియా మేనేజర్‌ని. వనపర్తి, గద్వాల, అచ్చంపేట, వారానికి రెండు రోజులు హైదరాబాద్, నెలకు రెండున్నర వేలు ఈజీగా తిరుగుత. నాది డీజిల్, హైవే మీద లీటరుకు 20 ఇస్తది. 2025లో హైదరాబాద్‌లో డీజిల్ 95 చిల్లర, పెట్రోల్ 107 చిల్లర ఉండె, ఆ లెక్కనే చూడు, పెట్రోల్ బండి 15 ఇచ్చిందనుకో. కిలోమీటరుకు పెట్రోల్ ఏడు రూపాయల పైన, డీజిల్ 4.80. తేడా రూ.2.35 అనుకుంటే నీ లక్షా ముప్పై వేలు రావాలంటే 55 వేల కిలోమీటర్లు తిరగాలి. నాకు రెండేళ్లలోపే తీరుతుంది. నీ తిరుగుడుకు ఆరేళ్లు. సర్వీసు ఖర్చు డీజిల్‌కు ఎక్కువ, అది ఈ లెక్కలో వేయనేలేదు.

మిర్యాలగూడ_మిల్లు:
లెక్క పక్కన పెట్టండి సార్, నాలుగు కిలోమీటర్ల స్కూలు అన్నారు చూడండి, అక్కడే నాకు భయం వేసింది. నాదీ అదే కథ. ఇల్లు, మిల్లు, మార్కెట్, ఇంజన్ వేడెక్కే లోపే ఆపేయడం. 2020 నుంచి వచ్చే బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ బండ్లకు సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ ఉంటుంది, పొగలో మసిని పట్టుకుంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి స్పీడులో పోవాలి, అప్పుడే ఆ వేడి వస్తుంది. ఊళ్లో తిప్పితే నిండిపోతుంది. నాకు ఎనిమిదో నెలలోనే డాష్‌బోర్డు మీద పసుపు లైటు వచ్చింది, నేను ఏదో సెన్సార్ అనుకుని వారం తిప్పాను. తర్వాత పికప్ చచ్చిపోయి బండి నలభై దాటలేదు. సర్వీస్ సెంటర్లో కంప్యూటర్ పెట్టి బలవంతంగా మసి కాల్పించి, ఆయిల్ కూడా మార్చారు. వారంటీ కింద రాదన్నారు, మీ డ్రైవింగ్ అలవాటు అన్నారు. కొనేటప్పుడు ఒక్కడూ చెప్పలే. ఇప్పుడు ప్రతి ఆదివారం పనేమీ లేకున్నా నార్కట్‌పల్లి దాకా పోయి చాయ్ తాగి వస్తున్నా, మసి కోసం!

బత్తాయితోట:
అయ్యో సార్, ఇది ఎవరూ చెప్పలేదు. మరి పదేళ్ల సంగతి నిజమేనా?

కృష్ణమ్మ_ఒడ్డు:
అది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్సీఆర్ సంగతి తమ్మీ. 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ (పర్యావరణ కేసుల కోర్టు) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది, 2025లో బీఎస్ 4, ఆపై బండ్లకు సుప్రీంకోర్టే సడలించింది కూడా. మన దగ్గర 15 ఏళ్లకు ఫిట్‌నెస్ చేయించి ఆర్సీ రెన్యువల్ చేసుకోవచ్చు. దానికి టెన్షన్ అక్కర్లేదు.

నువ్వు చూడాల్సింది మన లైఫ్ టాక్స్, అంటే రిజిస్ట్రేషన్ అప్పుడు రాష్ట్రానికి ఒకేసారి కట్టేది. షోరూం ధర 5 నుంచి 10 లక్షల లోపయితే 14 శాతం. 10 లక్షలు దాటితే పై శ్లాబు, మూడు శాతానికి తక్కువ కాకుండా పెరుగుతుంది, అదీ దాటిన ముక్క మీద కాదు, మొత్తం ధర మీద. పెట్రోల్ వేరియంట్ 9.70 ఉండి అదే డీజిల్ 10.60 అయిందంటే ఆ 90 వేలకు తోడు టాక్సే అరలక్ష దాకా పడుతుంది. నీ పేరు మీద ఇప్పటికే కారు ఉంటే ఇంకో 2 శాతం. 10 లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (ముందుగా పట్టే ఆదాయపు పన్ను) కూడా పట్టుకుంటారు కానీ అది ఐటీ రిటర్న్‌లో తిరిగి వస్తుంది, మర్చిపోవద్దు.

టీజీ06:
ఎలక్ట్రిక్ ఎందుకు చూడవన్నా, 2026 డిసెంబర్ 31 దాకా మన రాష్ట్రంలో లైఫ్ టాక్స్ లేదు, జీఎస్టీ 5 శాతమే. నీ స్కూలుకు సరిగ్గా సరిపోతది.

బత్తాయితోట:
మాది పై అంతస్తు, అద్దె ఇల్లు తమ్ముడూ, చార్జింగ్‌కు ఓనర్ ఒప్పుకోడు. పెట్రోలే తీసుకుంటా. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌తో మైలేజీ కాస్త తగ్గుతుందంటున్నారు, అయినా నా తిరుగుడుకు ఫర్వాలేదు. ఆదివారం టెస్ట్ డ్రైవ్. నాన్నకు ఎట్లా చెప్పాలో మాత్రం అర్థం కావట్లేదు.

మిర్యాలగూడ_మిల్లు:
నాన్నగారిని తీసుకుని రండి సార్, నా బండిలో పోదాం, నార్కట్‌పల్లిలో చాయ్ నాది. దారిలో నేను చెప్తా పెద్దాయనకు.