ఎస్‌డబ్ల్యూఆర్ తక్కువ వస్తే యాంటెన్నా బాగున్నట్టేనా?

యాగి_145:
మా అపార్ట్‌మెంట్ మేడ మీద 145 మెగాహెర్ట్జ్‌కి హామ్ రేడియో కోసం గ్రౌండ్‌ప్లేన్ యాంటెన్నా పెట్టాను. ఆర్‌జి-58 కేబుల్ 30 మీటర్లు కిందికి దించాను. రేడియో దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (పంపిన పవర్ ఎంత వెనక్కొస్తోందో చెప్పేది, 1 అంటే ఏమీ రానట్టు) 1.3 చూపిస్తోంది, అయినా ఊరవతల వాళ్లకి నా మాట అందట్లేదు. ఎస్‌డబ్ల్యూఆర్ ఇంత బాగుంటే యాంటెన్నాలో తప్పేమీ లేదని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా?

లాడర్‌లైన్:
కింద పెట్టిన మీటర్‌ని నమ్మకండి. ఆ ఫ్రీక్వెన్సీలో ఆ కేబుల్ 30 మీటర్లకి సుమారు 6 డీబీ (నాలుగింట మూడు వంతుల పవర్) తినేస్తుంది, అంటే 25 వాట్లు పంపితే పైకి చేరేది 6 వాట్ల చిల్లర. పైన యాంటెన్నా పూర్తిగా ఊడిపోయినా సరే, కొస నుంచి వెనక్కొచ్చే పవర్ దారిలో మళ్లీ అంతే తగ్గి మీరు పంపినదాంట్లో పదహారో వంతే మీటర్‌కి చేరుతుంది, కాబట్టి అది అప్పుడూ 1.7 దగ్గరే ఉంటుంది! పవర్‌నంతా వేడిగా మార్చేసే డమ్మీ లోడ్‌కి 1.0 వస్తుంది, దాంతో ఎవరితో మాట్లాడతాం?

డైపోల్ ప్రేమికుడు:
అలాగని ఎస్‌డబ్ల్యూఆర్‌ని గాలికొదిలేయమంటే ఎలా అండీ? ఇప్పటి రేడియోలు చాలావరకు 2 దాటితే పవర్ వాటంతటవే తగ్గించేసుకుంటాయి. పవర్ బయటికి పంపే ఫైనల్ ట్రాన్సిస్టర్లు పోతే రిపేర్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? నా 7 మెగాహెర్ట్జ్ డైపోల్‌ని (మధ్యలో కేబుల్ కలిపే తీగ యాంటెన్నా) రెండు కొసలా కొంచెం కొంచెం కత్తిరించి 1.2కి తెచ్చాకే నాకు టెన్షన్ తగ్గింది.

లాడర్‌లైన్:
రేడియో భద్రతకి సరే, ఒప్పుకుంటాను. కానీ 7 మెగాహెర్ట్జ్‌లో ఆర్‌జి-213 లాంటి మంచి కేబుల్ 20 మీటర్లు వాడితే, ఎస్‌డబ్ల్యూఆర్ 3 ఉన్నా దానివల్ల అదనంగా పోయేది పావు డీబీ కూడా ఉండదు. తిరిగొచ్చిన పవర్‌ని ట్యూనర్ (రేడియోకీ కేబుల్‌కీ పొంతన కుదిర్చే పెట్టె) మళ్లీ యాంటెన్నా వైపే పంపుతుంది. అవతల వినేవాళ్లకి ఆ తేడా తెలియనే తెలియదు.

డైపోల్ ప్రేమికుడు:
అదే డైపోల్‌ని 14 మెగాహెర్ట్జ్‌లో వాడి చూడండి, మధ్యలో ఇంపెడెన్స్ (కరెంట్‌కి ఎదురయ్యే అడ్డు) వేల ఓమ్‌లకి పోతుంది, ఎస్‌డబ్ల్యూఆర్ విపరీతంగా పెరుగుతుంది. అప్పుడు ట్యూనర్ కింద రేడియోని శాంతపరుస్తుందే తప్ప కోయాక్స్ (ఆర్‌జి-213 లాంటి గుండ్రటి కేబుల్)లో నష్టాన్ని ఆపలేదు.

లాడర్‌లైన్:
అందుకే కదా లాడర్ లైన్! రెండు తీగలు నిచ్చెనలా ఎడంగా ఉండే ఆ లైన్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ ఎక్కువున్నా నష్టం తక్కువే. కాకపోతే దాన్ని ఇనుప రెయిలింగ్‌కి ఆనించి లాగకూడదు, అపార్ట్‌మెంట్‌లో అదో తలనొప్పి. యాగి గారూ, మీరు ముందు ఎస్‌డబ్ల్యూఆర్ కొలిచే ఎనలైజర్‌ని మేడ మీదికి తీసుకెళ్లి యాంటెన్నా మొదట్లో కొలవండి. అక్కడ బాగుంటే డబ్బు కేబుల్ మీద పెట్టండి. ఎల్‌ఎంఆర్-400 కేబుల్ అయితే 30 మీటర్లకి పోయేది 1.5 డీబీయే, 25లో 17 వాట్ల చిల్లర పైకి వెళ్తాయి, వినేటప్పుడూ అంతే లాభం. పైన కనెక్టర్‌కి నీళ్లు దిగకుండా రబ్బరు టేపు గట్టిగా చుట్టండి.