క్యాడ్‌హెరిన్-6 ఎఫ్‌సీ కోటింగ్ మీద కణాలు నిలవడం లేదు: ప్రోటీన్ పాడైందా?

ప్రశ్న

కణాలను ఒకదానికొకటి అతికించే ప్రోటీన్ హ్యూమన్ క్యాడ్‌హెరిన్-6, అదే కే-క్యాడ్‌హెరిన్, రీకాంబినెంట్ ఎఫ్‌సీ కైమెరా (యాంటీబాడీ తోక భాగమైన ఎఫ్‌సీని తగిలించినది) పౌడర్ వాడుతున్నాం. 50 మైక్రోగ్రాముల వయల్‌ని పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు బఫర్)లో 200 మైక్రోగ్రాములు/ఎంఎల్‌గా కలిపాం. 96 వెల్ ప్లేట్‌లో 5 మైక్రోగ్రాములు/ఎంఎల్ చొప్పున వెల్‌కి 50 మైక్రోలీటర్లు వేసి రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచి, 1% బీఎస్ఏ (ఆవు సీరం అల్బుమిన్)తో ఖాళీ చోట్లు బ్లాక్ చేశాం. 786-ఓ (మూత్రపిండ క్యాన్సర్) కణాలను ట్రిప్సిన్-ఈడీటీఏతో లేపి, 10% సీరం ఉన్న మీడియంలో వెల్‌కి 40 వేలు వేసి, గంట తర్వాత పీబీఎస్‌తో మూడుసార్లు కడిగాం. క్యాడ్‌హెరిన్ ఉన్న వెల్‌కీ ఉత్త బీఎస్ఏ వెల్‌కీ తేడా లేదు. పైగా జెల్ మీద బ్యాండ్ 110 కేడీఏ దగ్గర వచ్చింది, లెక్క ప్రకారం 88 దగ్గర రావాలి. వయల్ మార్చాలా?

జవాబు 1

వయల్ మార్చకండి. బ్యాండ్ పైకి రావడానికి కారణం గ్లైకోసిలేషన్, అంటే ప్రోటీన్‌కి చక్కెర గొలుసులు తగులుకోవడం. క్షీరద కణాల్లో తయారైన క్యాడ్‌హెరిన్ లెక్కకన్నా బరువుగానే పరుగెడుతుంది. రెడ్యూసింగ్ ఏజెంట్ (జంటను కలిపే డైసల్ఫైడ్ బంధాలను తెంచేది) లేకుండా ఇంకో లేన్ వేయండి. ఎఫ్‌సీ వల్ల జంటగా ఉండాలి కాబట్టి దాదాపు రెట్టింపు బరువు దగ్గర కనిపిస్తే ప్రోటీన్ నిలబడే ఉన్నట్టు.

అసలు లోపం కాల్షియంది. క్యాడ్‌హెరిన్ బయటి భాగంలో ఐదు రిపీట్లు, వాటి మధ్య ప్రతి కీలు దగ్గరా మూడేసి కాల్షియం అయాన్లు కూర్చుంటాయి. అవి ఉన్నంతసేపే గొలుసు నిటారుగా ఉంటుంది, లేకపోతే వాలిపోతుంది. మీ పద్ధతిలో కోటింగ్‌లో కాల్షియం లేదు, చివరి పీబీఎస్‌లోనూ లేదు. కణాలు అంటుకున్నా ఆ మూడు కడుగుళ్లలోనే ఊడిపోతాయి.

పీబీఎస్‌లో కాల్షియం క్లోరైడ్ పోసి సరిపెట్టవద్దు, ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లగా మబ్బు కడుతుంది. 20 మిల్లీమోలార్ హెపీస్, 150 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 2 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్, పీహెచ్ 7.4: కోటింగ్‌కీ బ్లాకింగ్‌కీ కడగడానికీ ఈ ఒక్క బఫర్ చాలు.

జవాబు 2

పై మాటకు తోడు, కణాలను లేపే తీరే ఇక్కడ పెద్ద దెబ్బ. కాల్షియం లేనప్పుడు ట్రిప్సిన్ తగిలితే కణం మీది క్యాడ్‌హెరిన్ తెగిపోతుంది, ఉన్నప్పుడు తెగదు. కాల్షియం కాపలా ఉంటే అతుకు శక్తి మిగులుతుందని జపాన్ శాస్త్రవేత్త టకైచీ 1977లోనే చూపించారు. మీ ట్రిప్సిన్-ఈడీటీఏలో ఈడీటీఏ కాల్షియాన్ని లాగేస్తుంది, ట్రిప్సిన్ కోసేస్తుంది. అలా లేచిన కణానికి అంటుకోవడానికి చెయ్యే లేదు.

0.01% ట్రిప్సిన్‌లో 2 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ కలిపి 37 డిగ్రీల దగ్గర లేపండి. కణాలు విడివిడిగా కాక రేకుల్లా వస్తాయి, అది క్యాడ్‌హెరిన్ బతికి ఉందనడానికి గుర్తు. ట్రిప్సిన్‌ని సీరంతో ఆపకండి, సోయాబీన్ ట్రిప్సిన్ ఇన్హిబిటర్ వాడండి. తర్వాత కాల్షియం లేని బఫర్‌తో కడిగి, పిపెట్‌తో మెల్లగా విడదీసి, వెల్‌లో వేసేటప్పుడు కాల్షియం తిరిగి కలపండి. ట్రిప్సిన్ అసలు వద్దనుకుంటే ఉత్త 2 మిల్లీమోలార్ ఈడీటీఏతో లేపి, రెండుసార్లు కడిగి అది పూర్తిగా పోయేలా చూడండి.

వెల్‌లో కూడా సీరం పూర్తిగా మానేయండి. అందులోని ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ ప్లాస్టిక్ మీద చేరితే కణాలు ఇంటిగ్రిన్లతో (వాటిని పట్టుకునే కణపు గ్రాహకాలతో) పట్టుకుంటాయి, అది క్యాడ్‌హెరిన్ ఫలితంలా భ్రమ కలిగిస్తుంది. ఇంటిగ్రిన్లు పట్టుకునే ఆర్‌జీడీ అనే మూడు అమైనో ఆమ్లాల వరుస క్యాడ్‌హెరిన్-6లోనే ఉంది కాబట్టి, ఆర్‌జీడీ పెప్టైడ్ కలిపిన వెల్ కూడా ఒకటి పెట్టడం మంచిది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి. కంట్రోల్‌కి ఉత్త ఎఫ్‌సీ ఎంత వేయాలి? ఎఫ్‌సీ బదులు ఎన్ చివర హిస్ ట్యాగ్ ఉన్నది తీసుకోవచ్చా?

జవాబు 1

ఎన్ చివర ట్యాగ్ ఉన్నది ఈ పనికి వద్దు. రెండు క్యాడ్‌హెరిన్లు ముడిపడేది సరిగ్గా ఆ చివరే. క్యాడ్‌హెరిన్-6 చెందిన టైప్ 2 రకంలో రెండో, నాలుగో స్థానాల ట్రిప్టోఫాన్లు ఎదుటి అణువులోని గుంటలో దిగాలి. ముందు నాలుగు అమైనో ఆమ్లాలు అదనంగా ఉన్నా ఆ పట్టు చెడుతుంది. ప్రోపెప్టైడ్ (ప్రోటీన్ పరిపక్వమయ్యేటప్పుడు తెగిపోవాల్సిన ముందు ముక్క) తెగకుండా మిగిలినా అదే గతి, అందుకే ఎన్ చివరి సీక్వెన్స్ ఇచ్చిన డేటాషీట్ ఉన్న ప్రోటీన్‌నే ఎంచుకోండి. సీ చివర హిస్ ఉన్నది పనికొస్తుంది గానీ, ఒంటరి అణువు పట్టు బలహీనం. మీ ఎఫ్‌సీ జంటే నయం.

ఎఫ్‌సీ కంట్రోల్‌ని బరువుతో కాక మోల్స్‌తో సరిచూడండి. ఒక్కో గొలుసు బరువు క్యాడ్‌హెరిన్-ఎఫ్‌సీకి 88 కేడీఏ, ఉత్త ఎఫ్‌సీకి 26 కాబట్టి, 5 మైక్రోగ్రాములు/ఎంఎల్‌కి సమానం దాదాపు 1.5. ప్రోటీన్ వెల్ మీద అస్తవ్యస్తంగా పడుకోకుండా, ముందు యాంటీ-ఎఫ్‌సీ యాంటీబాడీ పూసి దాని మీద వేస్తే తల పైకి ఉండేవి ఎక్కువవుతాయి.

జవాబు 2

5 మిల్లీమోలార్ ఈజీటీఏ (కాల్షియాన్ని లాగేసేది) కలిపిన వెల్ తప్పక పెట్టండి. అందులో కణాలు రాలిపోయి, కాల్షియం వెల్‌లో నిలిస్తేనే అది క్యాడ్‌హెరిన్ పట్టు.

కడిగేటప్పుడు పిపెట్ ధార నేరుగా కణాల మీద పడితే మంచి కోటింగ్ కూడా ఊడుతుంది. ప్లేట్ నిండా కాల్షియం బఫర్ పోసి, అదే బఫర్ ఉన్న ట్రేలో తలకిందులుగా 15 నిమిషాలు తేలనివ్వండి, పట్టులేని కణాలు వాటంతటవే కిందికి జారతాయి. తర్వాత 4% పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసి, 0.1% క్రిస్టల్ వయొలెట్ వేసి, 10% ఎసిటిక్ యాసిడ్‌లో రంగు కరిగించి 590 నానోమీటర్ల దగ్గర చదవండి. ఫిక్స్ అయ్యేవరకు పీబీఎస్ సీసా ముట్టుకోవద్దు.