కోడిని యోరుబాలో ‘అదిఎ’ అనాలా, ‘అదియె’ అనాలా?

లేగోస్ బాబాయ్: ఉద్యోగం మీద నైజీరియా వచ్చి యోరుబా నేర్చుకుంటున్నాను. కోడికి ‘అదియె’ అని రాస్తే మా టీచరమ్మ ‘య’ కొట్టేసి ‘అదిఎ’ అని దిద్దింది. పక్కింటి పెద్దాయనేమో ‘య’ ఉన్నదే అసలు మాట, లేనిది పల్లె యాస అని తేల్చేశాడు. ఎవరి మాట వినాలి?

పుంజు: టీచర్ మాటే. బానిసలుగా క్యూబాకి తీసుకుపోయిన యోరుబావాళ్ల మాటలు అక్కడి పూజల్లో లుకుమి పేరుతో ఇంకా బతికే ఉన్నాయి. అందులో కోడిని చాలాచోట్ల ‘వై’ అక్షరం లేకుండానే రాస్తారు. అంటే ‘య’ తర్వాత దూరిందే కదా.

గోంగూర: వాళ్లు రాసేది స్పానిష్ పద్ధతిలోనండీ. స్పానిష్‌లో ఇ, ఎ పక్కపక్కన వస్తే ‘య’ దానంతటదే పలుకుతుంది, ఇక దాన్ని విడిగా ఎందుకు రాస్తారు? మీ సాక్ష్యం ఎటూ తేల్చదు. పైగా యోరుబాలో పక్షి ‘ఎయె’, బాతు ‘పెపెయె’. చివర ‘యె’ కనబడట్లేదా? కోడీ పక్షే.

పుంజు: చివర అక్షరం కలిస్తే చుట్టాలైపోతారా? అలాగైతే గాడి, నాడి, వేడి అన్నీ మన కోడికి మేనత్తలే 😄

పాత పలక: ఇద్దరూ యాస, మూలం అంటున్నారు గానీ నా లెక్కలో ఇది వట్టి స్పెల్లింగ్ గొడవ. మనకి యడాగమం లేదూ? మా + అమ్మ = మాయమ్మ. ‘ఇ’ నుంచి ‘ఎ’కి నాలుక జారేటప్పుడు మధ్యలో ‘య’ వద్దన్నా వస్తుంది, దాన్ని రాయాలా వద్దా అన్నదే తగువు. యోరుబా రాత మొదట్నుంచీ ఇలా మారుతూనే ఉంది. యోరుబా పాద్రీ శామ్యూల్ క్రౌథర్ రాసిన పదకోశం 1843లో వచ్చింది, 1875లో లేగోస్‌లో మిషనరీలు కూర్చుని ఒక పద్ధతి అనుకున్నారు, 1974లో ప్రభుత్వం తరఫున మళ్లీ సవరించారు. గోంగూర గారు చెప్పిన ‘ఎయె’నే పాత పుస్తకాల్లో మధ్యలో ఇంకో ‘ఇ’ పెట్టి రాసేవాళ్లు, తర్వాత తీసేశారు. పక్షి మారిందా? అసలు టెన్షన్ పడాల్సింది చివరి ‘ఎ’ గురించి. మనం మేడ అన్నప్పటి ‘ఏ’ నోరు తెరిచి పలుకుతాం, మేడి అన్నప్పటిది కాదు, కానీ మనకి రెండూ ఒకటే అక్షరం. యోరుబాలో తెరిచి పలికేది వేరే అక్షరం, కింద చుక్క పెడతారు. పైగా ఒక్కో అక్షరానికి స్వరం, అంటే గొంతు ఎత్తు, కూడా ఉంటుంది: అ మధ్యలో, ది కిందకి, ఎ మళ్లీ మధ్యలో. అది తప్పితే ఎన్ని ‘య’లు పెట్టినా దండగే.

గోంగూర: యడాగమం పోలిక బాగుంది, ఒప్పుకుంటాను. కానీ యాసే కాదని ఎలా అంటారు? ఒయో, ఎకితి, ఇజెబు ప్రాంతాల యోరుబావాళ్ల మాటతీరు ఒకటేనా?

పాత పలక: కాదు. అందుకే బాబాయ్ గారూ, పక్కింటాయన చేత ఆ సామెత చెప్పించండి, ‘కోడి తాడెక్కింది, తాడుకీ సుఖం లేదు, కోడికీ సుఖం లేదు’ అనేది. మాట మీద ధ్యాస లేకుండా చెబుతాడు, అప్పుడు వినండి.

లేగోస్ బాబాయ్: చెప్పించాను. హడావుడిగా అన్నప్పుడు ‘య’ వినబడీ వినబడనట్టుంది. ఒక్కో అక్షరం విడదీసి చెప్పమంటే మాత్రం ‘యె’ అని గట్టిగా నొక్కాడు! ఇంటికొచ్చి దిద్దిన కాగితం మళ్లీ చూశాను. టీచరమ్మ ‘య’ కొట్టేయడమే కాదు, ‘ఎ’ కింద చుక్క కూడా పెట్టింది. నేను దాన్ని ఇంకు మరక అనుకున్నాను.