నామోషీయా, మొహమాటమా, దొంగచాటా?

ఎంవీపీ కాలనీ నుంచి:
విశాఖలో మా కాలనీ ఫిల్మ్ క్లబ్బు నోటీసుకి ఒక శీర్షిక కావాలి. పాము సినిమాలు, అమ్మవారి సినిమాలు, డబ్బింగ్ దెయ్యాలు, అత్తాకోడళ్ల ఏడుపులు... టీవీలో వస్తే రిమోటు పక్కన పెట్టి చివరిదాకా చూసి, నలుగురిలో మాత్రం "అబ్బే, అలాంటివి నేను చూడను" అనేస్తామే, వాటి గురించి ఒక సాయంత్రం మాట్లాడుకోవాలని. 'గిల్టీ ప్లెజర్' అంటే పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు. 'అపరాధ ఆనందం' అని ఒకరు, 'దొంగచాటు సినిమాలు' అని మరొకరు అంటున్నారు. మూడు మాటలు మించకూడదు, పెద్దక్షరాల్లో ఒకే వరసలో పట్టాలి.

గాజువాక నుంచి:
అపరాధం వద్దండీ. ఆ మాట ఇవాళ మనకి ఎక్కువగా ఎదురయ్యేది 'అపరాధ రుసుము' రూపంలోనే. బిల్లు ఆలస్యంగా కట్టినవాడు గుర్తొస్తాడు తప్ప పాము సినిమా చూసినవాడు కాదు. ఇక 'దొంగచాటు' సినిమా పక్కన చేరిందంటే ఆ సినిమాలు వేరే. నూన్ షో పోస్టర్ల సంగతి అనుకుని ఎవరో ఒకరు ఆ నోటీసు పీకేస్తారు. 'చాటుమాటు', 'రహస్య' కూడా అదే దారి.

సీతమ్మధార నుంచి:
ముందు ఏ రకం ఇబ్బందో తేల్చుకోవాలి. తెలుగులో దీనికి చాలా మాటలున్నాయి, ఒకదాని చోట ఒకటి ఇమడదు.

సిగ్గు ఒంటరిగా ఉన్నా వేస్తుంది. గదిలో ఎవరూ లేకపోయినా "ఇదేం చూస్తున్నానురా" అనిపిస్తే అది సిగ్గు. మొహమాటానికి ఎదురుగా మనిషి ఉండాలి. దీని పాత రూపం 'మొగమోటమి', మొగము ఓడిపోవడం. చుట్టాలు పెట్టిన సినిమా నచ్చకపోయినా లేవలేక కూర్చోవడం మొహమాటం. అంటే మీకు కావలసినదానికి సరిగ్గా తిరగేసిన వ్యవహారం. అక్కడ నచ్చనిది నచ్చినట్టు ఉంటాం, ఇక్కడ నచ్చినది నచ్చనట్టు ఉంటాం.

నామోషీ దగ్గరగా వస్తుంది. ఉర్దూలో 'నామూస్' అంటే పరువు. మన దగ్గర నామోషీ అంటే ఆ పరువు పోయినట్టు అనిపించడం. దీనికి నలుగురు కావాలి, కనీసం మనసులోనైనా. ఇలా పరీక్షించి చూడండి: "తలుపేసుకుని ఒక్కణ్ణే చూస్తుంటే నామోషీగా ఉంది" ఎబ్బెట్టుగా లేదూ? "ఆఫీసులో చెప్పడం నామోషీ" హాయిగా నిలబడుతుంది. దానికంటే తేలికది చిన్నతనం: "చెప్పుకోవడం చిన్నతనంగా ఉంటుంది". బరువు పెరిగేకొద్దీ నామర్దా, ఆ పైన తలవంపులు. తలవంపులు అన్నామంటే ఇంట్లో ఏదో జరగరానిది జరిగిందని. సినిమాకి అంత దూరం పోనక్కర్లేదు.

ఎంవీపీ కాలనీ నుంచి:
అయితే 'నామోషీ సినిమాలు' అని పెట్టేయవచ్చా?

సీతమ్మధార నుంచి:
అక్కడే తిరగబడుతుంది. నామోషీ చూసేవాడిది. సినిమా ముందు అంటించగానే ఆ మచ్చ సినిమాకి పోతుంది, తీసినవాళ్లకే పరువు తక్కువ పని అన్నట్టు. 'సిగ్గుపడే సినిమాలు' అంటే సినిమాలే సిగ్గుపడుతున్నాయి. 'సిగ్గుపడాల్సిన సినిమాలు' అంటే తీర్పు ఇచ్చేసినట్టు. క్రియ నుంచి పుట్టిన విశేషణంతో ('చూసిన', 'సిగ్గుపడే' లాంటివాటితో) వచ్చే చిక్కు ఇది: 'చూసిన మనిషి' అంటే చూసినవాడా, మనం చూసినవాడా అన్నది ఆ ముక్కలో తెలియదు, సందర్భం చెప్పాలి. నోటీసుకి సందర్భం ఉండదు, దారిన పోయేవాడు ఒక్క చూపు చూసి పోతాడు. ఆ రూపమే వాడాలంటే కర్త ఎవరో అనుమానం రాని క్రియ ఏరుకోవాలి.

పెందుర్తి నుంచి:
మా వైపు నామోసీ అంటారు, 'షీ' పలకదు. అదీగాక వాక్యంలోనే వాడతారు గానీ ముందు తగిలించరు. "ఏటి, ఆ పాము సినిమా మల్లీ సూసీసినావేటి?" "సూసీసినాను గానీ ఎవుడికీ సెప్పకు, నామోసీ." ఈ 'సూసీసినాను'లోనే సగం ఒప్పుకోలు ఉంది.

లాసన్స్ బే నుంచి:
పెందుర్తి మాస్టారు మంచి చోట పట్టుకున్నారు. ఈ వ్యవహారంలో నామవాచకం కంటే క్రియ ఎక్కువ బయటపెడుతుంది. గమనించండి, ఇలాంటి సినిమా గురించి ఎవరూ 'చూశాను' అనరు. 'కంటపడింది' అంటారు, తప్పు సినిమాది. 'చూడాల్సి వచ్చింది', బలవంతం ఎవరిదో చెప్పరు. 'పిల్లలు పెడితే చూశా', నేరం పిల్లల మీదికి. 'చూసేశాను' కొంచెం నిజాయితీ, పని అయిపోయింది వదిలేయండి అన్న ధోరణి. 'చూస్తూ ఉండిపోయాను' అన్నారంటే ఆ మనిషికి నచ్చింది, ఇక అడగక్కర్లేదు. 'నచ్చింది' అనడం 'ఇష్టపడ్డాను' కంటే సులువు కూడా ఇందుకే: మొదటిదాంట్లో కర్త సినిమా, మనం 'నాకు' అని పక్కన నిలబడతాం.

ఇంకో ఆనవాలు. విఠలాచార్య జానపదాలు ఎప్పుడూ చూడలేదనే పెద్దమనుషులు కూడా, వస్తువేదైనా ఉన్నట్టుండి మాయమై ఇంకోచోట తేలితే "విఠలాచార్య సినిమాలా ఉందే" అని ఎక్కడా గురి తప్పకుండా వాడతారు. చూడకుండా ఆ పోలిక ఎలా వచ్చిందో వాళ్లనే అడగాలి.

శీర్షికకి 'చెప్పుకొను' వాడండి. చెప్పడం వేరు, చెప్పుకోవడం వేరు. "గొప్పగా చెప్పుకున్నాడు", "గోడు చెప్పుకున్నాడు": డాబుకీ అదే, మనసు విప్పడానికీ అదే. దానికి వ్యతిరేకార్థం పెడితే రెండూ ఒకేసారి ఆగిపోతాయి. 'నచ్చినా చెప్పుకోని సినిమాలు'. మూడే మాటలు. సినిమా చెప్పుకోదు కాబట్టి చెప్పుకోనివాళ్లు మనమేనని చదవగానే తెలుస్తుంది, కర్త పేచీ లేదు. 'చెప్పుకోలేని' అని మాత్రం మార్చవద్దు. ఆ 'లే' చేరగానే చెప్పుకోలేని బాధ, చెప్పుకోలేని రోగం వరసలోకి పోతుంది.

గాజువాక నుంచి:
బాగుంది. చివర ఆశ్చర్యార్థకం పెట్టకండి, టీవీ ప్రోమోలా ఉంటుంది.

ఎంవీపీ కాలనీ నుంచి:
ఖాయం చేశాం. కింద చీటీలు పెడుతున్నాం, సినిమా పేరు రాసి డబ్బాలో వేయమని. 'మీకు నచ్చిన సినిమా' అని అడిగితే సరిపోతుందా?

లాసన్స్ బే నుంచి:
అలా అడిగితే అవార్డు సినిమాల పేర్లే వస్తాయి. 'మళ్లీ వస్తే మళ్లీ చూసే సినిమా' అని అడగండి. పేరు రాసేవాళ్ల పేరుకి గడి పెట్టకండి.